ఇరవై ఒక్క సెకన్లు

శుక్రవారం సాయంత్రం ఏడు ఇరవై మూడుకి తండ్రి గొంతు టీవీలో వినిపించింది. ఆ సమయానికి ఆయన టీవీ ముందు లేడు. ముందుగదిలో ఎవరిదో కుట్టుమిషను విప్పుకుని కూర్చున్నాడు.

టీవీ ముందు ఉన్నది మేనత్త. ఆ సీరియల్ చూడనని మొదటిరోజే ప్రకటించిన మనిషి. రెండు మందిరాల మధ్య ప్రేమ అంటూ మన కొంప గుట్టు వీధిలో పెట్టారని, చాలదన్నట్టు మన ఇంటి పిల్లే అందులో పనిచేస్తోందని తిట్టింది. అప్పటి నుంచి తిడుతూనే నూట పన్నెండు భాగాలూ చూసింది.

నూట పదమూడో భాగంలో ఒక పెద్దమనిషి కొడుకు పెళ్ళి ఆపడానికి బయల్దేరేముందు చాప మీద కూర్చుని ప్రార్థన చదివాడు. కెమెరా వెనక ఉంది. వీపూ చేతులూ కనిపించాయి, పెదవులు కనిపించలేదు. గొంతు మాత్రం ఆ నటుడిది కాదు.

"ఒరే తమ్ముడూ, నువ్వు టీవీలో ఉన్నావేమిట్రా?" అంది మేనత్త.

తండ్రి స్క్రూడ్రైవరు కింద పెట్టి తల పక్కకు వంచాడు. మిషను చెడితే కూడా అలాగే వింటాడు. చక్రం తిప్పించి, చెవి ఆనించి, రోగం షటిల్‌లో ఉందో సూదికడ్డీలో ఉందో చెప్పేస్తాడు. తన గొంతు తను పోల్చుకోవడం చాలామందికి చేతకాదు. ఆయన కూడా గొంతును బట్టి పోల్చుకోలేదు. "పడినవాళ్ళను లేపు" అన్న చోట "లేపు" రెండుసార్లు వచ్చింది. నిలుచునే మందిరంలో ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆయన పాఠకుడు, ముందు నిలబడి ప్రార్థన చదివేది ఆయనే. ఆ మాట రెండుసార్లు చదివింది ఒక్కసారే. పది నెలల కిందట, లోపలి గదిలో, భార్య మంచం పక్కన.

ప్రార్థన ముగిసింది. సబ్బు ప్రకటన వచ్చింది. తండ్రి తల ఇంకా వంచే ఉంది.

"ఇంకా ఏం వింటావురా, అయిపోయిందిగా" అంది మేనత్త.

కూతురు వంటింటి గుమ్మంలో నీళ్ళ గ్లాసుతో నిలబడిపోయింది. ఆ సీరియల్‌కి మాటలూ చప్పుళ్ళూ కోసి అతికించే పని ఆమెది. తండ్రి గొంతు అక్కడికి ఎలా వెళ్ళిందో ఆ ఇంట్లో ఆమెకొక్కతెకే తెలుసు.

బుధవారం నటుడు జలుబుతో వచ్చాడు. అతను చదివిన ప్రార్థన ఎవరికీ నచ్చలేదు. గురువారం మళ్ళీ వచ్చి చదువుతానన్నాడు. అందాకా ఎంత నిడివి కావాలో, ఎక్కడ ఊపిరి తీయాలో తెలియడానికి ఆమె తన దగ్గరున్న తండ్రి రికార్డు ఆ చోట పెట్టింది. అలా తాత్కాలికంగా పెట్టేదాన్ని గైడు అంటారు. దాని మీద గైడు అని రాసింది కూడా. పక్కగదికి పంపినప్పుడు ఆ రాత దానితో వెళ్ళలేదు. నటుడు గురువారం రాలేదు. పక్కగదిలో అన్నిటినీ కలిపి చివరి రూపం ఇచ్చే మిక్సింగ్ ఇంజనీరు అదే అసలుదనుకుని ఉంచేశాడు. ఆ ఇంజనీరునే ఆమె పెళ్ళి చేసుకోవాలనుకుంది. అతను కూర్చునే మందిరం వాళ్ళ అబ్బాయి.

నిలుచునేవాళ్ళు నిలబడి ప్రార్థిస్తారు, కూర్చునేవాళ్ళు కూర్చుని. మిగతాదంతా ఒకటే, అవే మాటలు, అదే వరస. తాతలనాడు మందిరం ఒకటే ఉండేది. మధ్యలో గోడ లేచింది. ఆ గోడకు ఏటా రెండువైపులా సున్నం పడుతుంది, ఎవరి వైపు వాళ్ళు వేసుకుంటారు. సీరియల్లో మందిరాల పేర్లు మార్చారు. దానివల్ల మోసపోయినవాడు ఒక్కడూ లేడు.

మొదటి ఫోను ఏడు ముప్పై ఒకటికి వచ్చింది. ఎనిమిది లోపల మరో ఐదు వచ్చాయి. ఎనిమిది దాటాక మందిరం కార్యదర్శి చేశాడు. మంగళవారం అమ్మాయిని అటువైపు ఇస్తానని ఒప్పుకున్నావు, శుక్రవారం గొంతు కూడా ఇచ్చేశావు, ఇంకా ఇవ్వాల్సినవేమైనా మిగిలాయా అని అడిగాడు. ఈ ఆదివారం వేరేవాళ్ళు చదువుతారని చెప్పాడు. పాఠకుడు రావచ్చు, నలుగురి ముందూ సంజాయిషీ చెప్పుకోవచ్చు.

"వస్తాను" అన్నాడు తండ్రి.

బస్సు డిపో నుంచి అన్న వచ్చేసరికి సంగతి అతనికన్నా ముందే డిపోకి వెళ్ళి వచ్చింది. చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టాడు. అమ్మ మంచం దగ్గర తీసిన రికార్డు బజారులో పెట్టింది వాడేనని, వాళ్ళ పెద్దకి మన పాఠకుడి గొంతు తగిలించి సరదా చూస్తున్నాడని అన్నాడు.

"చెప్పవే. వాడి దగ్గర కాక ఇంకెవరి దగ్గరుంది అది?"



"దాన్నేం అడుగుతావు" అంది మేనత్త. "ఆ ఫోను నువ్వు నేలకేసి కొట్టకపోతే అది ఫోనులోనే ఉండేది. ఎవడి మిషన్లోనో దాచుకునే గతి దానికెందుకు?"

పోయిన నెల పెళ్ళి గొడవలో అన్న పగలగొట్టిన ఫోనది. మళ్ళీ వెలగలేదు. అమ్మ చివరి రోజుల్లో, నాన్న మిషన్ల కొట్లో ఉన్నప్పుడు కూడా ఆయన ప్రార్థన వినాలని అడిగితే కూతురు అందులో రికార్డు చేసింది. ఫ్యాను రొద తీసేద్దామని ఒక నకలు ఆఫీసు డిస్కులో పెట్టింది. ఫోను పోయాక ఆ నకలే అసలయింది.

అన్నాలకు కూర్చున్నారు. మేనత్త రెండుసార్లు ఏదో అనబోయి, రెండుసార్లూ పప్పు వడ్డించింది.

పడుకోబోయే ముందు తండ్రి కూతురి గది గుమ్మం దగ్గర ఆగాడు.

"అది నీ దగ్గర పూర్తిగా ఉందా అమ్మా?"

"ఉంది నాన్నా. ఆఫీసులో ఉంది."

ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు. ఆ జవాబు అప్పటికి నిజం.

*

శనివారం ఉదయం ఎనిమిదీ పదికి ఇంజనీరు వచ్చాడు. అంతకుముందు మూడుసార్లు ఆమెకు ఫోను చేశాడు. ఆమె ఎత్తలేదు.

తండ్రి ముందుగదిలో మిషనుకు బెల్టు వేస్తున్నాడు. అన్న గోడకానుకుని ఉన్నాడు. కూతురు లోపలి గుమ్మం దగ్గర నిలబడింది.

"కూర్చో బాబూ" అన్నాడు తండ్రి.

"ఆ మాట వాళ్ళకి వేరే చెప్పాలా" అంది లోపల్నుంచి మేనత్త.

అతను కూర్చోలేదు. తన ఇంట్లో కూడా రాత్రంతా ఫోన్లేనని చెప్పాడు. మా పెద్దమనిషి నోట్లో వాళ్ళ పాఠకుడి గొంతా అని అటువైపు వాళ్ళు కూడా మండిపడుతున్నారు. ఆదివారం దాకా గడప దాటొద్దని తల్లి చెప్పింది. దాటి వచ్చాడు.

"ఇందులో మీ అమ్మాయి తప్పేమీ లేదండీ. నేనే వేశాను. ఆమెకు తెలియదు."

అన్న గోడ వదిలి ముందుకొచ్చాడు. తండ్రి చెయ్యెత్తాడు. అన్న ఆగాడు.

కూతురు నేల చూస్తోంది. కాదు, నేను వేశాను అన్న మాట నాలుక దాకా వచ్చింది. అతను ఇటువైపు చూడటం లేదు. ఇప్పుడు నోరు తెరిస్తే అతను అబద్ధాలకోరు అవుతాడు. తెరవకపోతే దొంగ అవుతాడు. రెంటిలో ఏది తక్కువ దెబ్బో ఆమె తేల్చుకోలేకపోయింది. గోడ గడియారం ఎనిమిదిన్నర చూపిస్తోంది.

తండ్రి బెల్టు బిగించి చక్రం ఒకసారి తిప్పాడు.

"నీకెక్కడ దొరికింది?"

"ఆమె పంపిన వాటిలో ఉందండీ."

"విన్నావా?"

"విన్నాను."

"చివరిదాకా?"

"చివరిదాకా విన్నానండీ. వినకుండా వేయను."

"చివర ఏముంది?"

అతను గుర్తు చేసుకున్నాడు. "పోయేవాళ్ళకు తోవ చూపు. అట్లే కానిమ్ము. అంతేనండీ."

"ఆ తర్వాత?"

అతను జవాబు కోసం ఆమె వైపు చూశాడు. గదిలోకి వచ్చాక ఆమె వైపు చూడటం అదే మొదలు.

తండ్రి చక్రం మీద చెయ్యి పెట్టి ఆపాడు. "నీది చెవి పని. నాదీ చెవి పనే. ఆ తర్వాతది విని ఉంటే నువ్వు మరిచిపోయేవాడివి కాదు బాబూ. నువ్వు వినలేదు." అని, తల తిప్పకుండానే, "అమ్మా, ఇలా రా" అన్నాడు.

ఆమె వచ్చింది. జలుబు నటుడి దగ్గర్నుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పింది. గైడు అంటే ఏమిటో చెప్పింది. వేరే గొంతులు పెట్టి చూశానని, అవన్నీ అప్పజెప్పినట్టున్నాయని, ప్రార్థన అంటే ఎలా ఉండాలో తన చెవికి తెలిసింది అదొక్కటేనని చెప్పింది. పని మధ్యలో రోజుకొకసారి అది వినేదాన్నని చెప్పింది. అట్లే కానిమ్ము తర్వాతది ఎవరి చెవినా పడకూడదని చివర కోసి పక్కన పెట్టానంది.

"పక్కన పెట్టావు. పారేయలేదు."

"లేదు నాన్నా."

"ఏమిటా చివరిది?" అన్నాడు అన్న.

తండ్రి స్టూలు వెనక్కి జరిపి లేచి నిలబడ్డాడు. ప్రార్థనకు తప్ప ఆ మనిషి ఆ గదిలో పని వదిలి నిలబడడు.

"మీ అమ్మ" అన్నాడు. "నేను చదివేశాక, కూర్చోబెట్టండి అంది. లేపి, వెనక దిండు పెట్టాను. పోయేవాళ్ళకు తోవ చూపు అని తను కూడా అంది. కూర్చుని అంది."

మేనత్త గుమ్మంలోకి వచ్చింది.

నిలుచునే మందిరంలో, లేవలేనివాళ్ళు ప్రార్థన పలకరు. వాళ్ళ బదులు పక్కవాళ్ళు నిలబడి పలుకుతారు. ఆ పద్ధతి తప్పకుండా చూడవలసినవాడు పాఠకుడు.

"నువ్వు ఆపలేదా?" అంది మేనత్త.

"ఆపలేదు అక్కా. నేనూ మంచం మీద కూర్చున్నాను. కూర్చునే అట్లే కానిమ్మన్నాను."

వీధిలో ఎవరో తోపుడుబండి నెట్టుకుంటూ పోయారు.

"నాకెందుకు చెప్పలేదురా?"

"చెబితే ఊరుకునేదానివా?"

"ఊరుకునేదాన్ని కాదు" అంది మేనత్త. కొంగుతో ముక్కు తుడుచుకుని అక్కడే ఉండిపోయింది.

తండ్రి కొడుకు వైపు తిరిగాడు. మంగళవారం ఈ పెళ్ళికి సరేనన్నది కూతురు ఏడ్చిందని కాదని చెప్పాడు. ఈ అబ్బాయి ముఖం చూసి అసలే కాదన్నాడు. ముప్పై ఏళ్ళు తన వెనక నిలబడిన మనిషి చివరిసారి కూర్చుంటానంటే తను లేపి కూర్చోబెట్టాడు. అలాంటివాడు రేపు మందిరంలో నిలబడి, కూర్చునేవాళ్ళకు పిల్లనివ్వనని ఏ నోటితో అంటాడు?

"ఆదివారం మందిరంలో ఇది వినిపించి, ఆ తర్వాత పెళ్ళి సంగతి చెబుదామనుకున్నాను. నా మాటగా చెబితే కూతురి కోసం కల్పించాడంటారు. మీ అమ్మ గొంతు అయితే అందరికీ తెలుసు. అక్కడున్నవాళ్ళలో సగం మందికి ప్రార్థన నేర్పింది తనే."

కూతురు తల ఎత్తింది. రికార్డు చివర ఉన్నదాని సంగతి ఎవరికీ చెప్పొద్దని పది నెలల కిందట తండ్రి అన్నాడు. దాన్ని ఆయన దేనికోసం అట్టే పెట్టాడో ఆమెకు తెలియడం ఇప్పుడే.

"నా గొంతు ఎవడి నోట్లో పెట్టినా నాకు పోయేదేం లేదు" అన్నాడు తండ్రి. "ఆ చివరిది తెచ్చివ్వు."

"మధ్యాహ్నానికి తెస్తాను నాన్నా."

ఆయన మళ్ళీ కూర్చున్నాడు. ఇంజనీరు నమస్కారం పెట్టాడు. ఆయన చూడలేదు. చూసీ ఊరుకున్నాడేమో ఎవరికీ తెలియలేదు.

అన్న గేటు దాకా వచ్చాడు. ఇంజనీరుతో ఏమీ అనలేదు. చెల్లెలి చేతిలో బస్సు పాసు పెట్టి, "ఇవాళ ఆటోలు లేవు, డిపో ముందు ఎక్కు" అన్నాడు. నెల రోజుల్లో అతను ఆమెతో తిట్టకుండా మాట్లాడిన మాట అదొక్కటే.

*

స్టూడియోలో ఆమె గది ఎనిమిదడుగులు, అతనిది పన్నెండు. మధ్యలో అద్దం. శనివారం కావడంతో ప్రకటనలు అతికించే ఒక్క మనిషి ఉండి, తన పని తొమ్మిదింటికే ముగించి వెళ్ళిపోయాడు.

తొమ్మిదీ యాభైకి ఆమె తన ఎడిటింగ్ మిషను తెరిచింది. నాన్న అని పేరున్న ఫైలు దాని చోట ఉంది. నిడివి మూడు నిమిషాల యాభై ఒక్క సెకన్లు. ఫోనులో తీసింది నాలుగు నిమిషాల పన్నెండు. కోసిన ఇరవై ఒక్క సెకన్లు వాడని ముక్కలు దాచే ఫోల్డరులో ఉండాలి. దాన్ని వాళ్ళు సంచీ అంటారు.

సంచీ ఖాళీగా ఉంది.

అది ఎందుకు ఖాళీగా ఉందో వెతకనక్కరలేదు. మొదటి నెలల్లో డిస్కు నిండిపోయి పని ఆగిపోయేది. శుక్రవారం భాగం ప్రసారం అయిపోగానే, ఆ భాగంలో వాడని ముక్కలన్నీ శనివారం ఉదయం వాటంతటవే చెరిగిపోయేలా ఆమే ఏర్పాటు చేసింది. అందరూ మెచ్చుకున్నారు. ఇప్పుడు తను పెట్టిన పట్టికలో తనే వేలుపెట్టి చదివింది. చెరిపిన ముక్కలు నూట నలభై ఆరు. చెరిపిన సమయం ఎనిమిదిన్నర.

"ఎనిమిదిన్నరకి మనం..." అన్నాడు అతను.

"నువ్వు నేనే వేశానన్నావు. నేను నేల చూస్తున్నాను."

డిస్కులు బాగుచేసే మనిషికి ఫోను చేశారు. చెరిగిపోయినవి వెతికే పరికరం ఒకటి నడపమన్నాడు. అది మూడు గంటలు నడిచింది. తలుపు మూసే చప్పుళ్ళు దొరికాయి, వాన దొరికింది, ఎవరో హీరోయిన్ నవ్వు ఆరు ముక్కలుగా దొరికింది. కావలసింది దొరకలేదు. తొమ్మిదికి ప్రకటనల మనిషి కొత్తవి డిస్కులో పోశాడని తెలిసి, అయితే వాటి కింద పడిపోయి ఉంటుందని, ఇక ఆశ పెట్టుకోవద్దని ఫోనులో మనిషి చెప్పాడు.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు ఇంజనీరు.

"నాన్న ఎవరికీ చెప్పొద్దన్నారు."

"ఆ ఎవరికీలో నేనూ ఉన్నానా?"

"ఉన్నావు" అంది ఆమె. "అందరికంటే ముందు నువ్వే. చెబితే మా అమ్మ మీ వైపు వచ్చేసిందని సంతోషించేవాడివి" అంది.

అతను కాదనలేదు. అద్దంలో తన గది వైపు చూస్తూ కూర్చున్నాడు.

తర్వాత తన సంగతి చెప్పాడు. మిక్సింగ్‌లో ఆ గొంతు వినగానే నటుడిది కాదని తెలిసింది. ఎవరిదో తెలియదు. అడగాలనుకున్నాడు. లేపు అని రెండుసార్లు పలికిన చోట చెయ్యి ఆగిపోయింది. అడిగితే తీసేయమంటారేమోనని అడగలేదు.

"నేను వేశానన్నది పూర్తి అబద్ధం కాదు. బాగున్నదాన్ని తీయలేకపోయాను."

"మరి నాకు తెలియదని ఎందుకన్నావు?"

"నిన్ను అంటారని."

"అననివ్వాల్సింది. వాళ్ళు నావాళ్ళు, నన్ను అంటారు, తింటాను. నువ్వు వచ్చి ఇరవై నిమిషాలు నన్ను కాపాడావు. ఆ ఇరవై నిమిషాల్లో నేను నిజం చెప్పి ఉంటే నాన్న చివరిది అడిగేవాడు. నేను ఇక్కడికి ఫోను చేసి మిషను ఆపించేదాన్ని." ఆమె కుర్చీ వెనక్కి జరిపింది. "నీ మీద వేస్తున్నాననుకోకు. నోరు మూసుకుని నిలబడింది నేను."

అతను తన కుర్చీ ఆమె బల్ల దగ్గరికి లాక్కున్నాడు. గొంతు తగ్గించాడు. ఆ గదిలో గొంతు తగ్గించనక్కరలేదు, గోడలు చప్పుడు పోనివ్వవు.

"మీ అమ్మగారి గొంతు వేరే ఉందన్నావు కదా. పండుకోలేదా, తిన్నావా అని పంపిన మెసేజీలు."

"ముప్పై దాకా ఉన్నాయి."

"కూర్చో అన్న మాట ఉంటుంది. పెట్టు ఉంటుంది. తోవ ఎక్కడైనా ఉంటుంది. మంచం చప్పుడు మన దగ్గరుంది. ఫ్యాను రొద ఈ ఫైలులోనే ఉంది, కింద పరిచేస్తాను. ఇరవై ఒక్క సెకన్లే. సాయంత్రానికి చేసేస్తాను. మందిరంలో ఒక్కరు కూడా పోల్చుకోలేరు."

అతను చేయగలడని ఆమెకు తెలుసు. చచ్చిపోయిన వేరే నటుడొకడి చేత రెండు నెలలు మాట్లాడించాడు. ఆ నటుడి తల్లి కూడా గుర్తుపట్టలేదు.

"నువ్వు చెప్పిందంతా నిజంగా జరిగిందే కదా" అన్నాడు. "జరగనిది పుట్టించమనడం లేదు. జరిగిందాన్ని మళ్ళీ కడదామంటున్నాను. అది లేకపోతే రేపు మీ నాన్నగారు ఏం పట్టుకుని నిలబడతారు? మనమేం పట్టుకుని నిలబడతాం?"

ఆమె ముప్పై మెసేజీల్లో మొదటిది తెరిచింది. "బస్సెక్కావా? కూర్చోడానికి చోటు దొరికిందా?" అంది అమ్మ గొంతు. కూర్చో అన్న మాట అక్కడే ఉంది, ముందూ వెనకా శుభ్రంగా. కోయడానికి గీతలు పెట్టే చోట ఆమె వేలు ఆగింది.

మళ్ళీ ఒకసారి విన్నది. మెసేజీ మూసేసింది.

"మందిరం పోల్చుకోదు" అంది. "నాన్న పోల్చుకుంటాడు. పోల్చుకుని ఊరుకుంటాడు. నా పెళ్ళి కోసం ఆ అబద్ధాన్ని తలమీద పెట్టుకుని అందరి ముందూ నిలబడతాడు. నేను అది చూడలేను."

అతను కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "అయితే పెళ్ళి?"

ఆమె ఫోను తీసి ఇంటి నంబరు నొక్కింది. అప్పుడు రెండూ నలభై.

రెండోసారి మోగగానే తండ్రి ఎత్తాడు. ఫోను పక్కనే కూర్చున్నట్టున్నాడు.

"నాన్నా, చివరిది లేదు. పొద్దున ఎనిమిదిన్నరకి చెరిగిపోయింది. నేను పెట్టిన ఏర్పాటు వల్లే. వెతికాం. దొరకలేదు." మధ్యలో ఆగకుండా చెప్పింది. అతికించి ఇవ్వవచ్చన్నారని కూడా చెప్పింది. తను వద్దన్నానని చెప్పింది.

అవతల కుట్టుమిషను చక్రం తిరిగి ఆగిన చప్పుడు వినిపించింది.

"ఉన్నది పెట్టు" అన్నాడు తండ్రి.

ఆమె ఫోనును బల్ల మీద స్పీకరు ముందు ఉంచి ఫైలు నడిపింది. అవతల స్టూలు వెనక్కి జరిగింది. నిలిచినవాళ్ళను నిలుపు అని ఆయన గొంతు ఇక్కడి నుంచి ఆయనకే వెళ్ళింది. పడినవాళ్ళను లేపు, లేపు. పోయేవాళ్ళకు తోవ చూపు. అట్లే కానిమ్ము.

తెర మీద అంకెలు మూడు నిమిషాల యాభై ఒకటి దగ్గర ఆగాయి. ఇంజనీరు ఏదో అనబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. గోడ మీది గడియారంలో సెకన్ల ముల్లు చూస్తోంది.

ఎనిమిదో సెకను దగ్గర అవతల స్టూలు మళ్ళీ చప్పుడైంది. ఆయన కూర్చున్నాడు.

ఇరవై ఒకటో సెకను దగ్గర తండ్రి ఫోను పెట్టేశాడు. అప్పటికి టైము రెండూ నలభై ఏడు.